ఆస్పత్రిలో చేర్పిస్తే కేసు బలపడుతుందా?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. మా అబ్బాయికి 20 ఏళ్లు. తిరుపతిలో గది అద్దెకు తీసుకుని ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రెండు నెలల కిందట పోలీసులు గది సోదా చేసి, 40 గ్రాముల గంజాయి దొరికిందని కేసు పెట్టారు. బెయిలు వచ్చింది. రెండేళ్లుగా అలవాటుందని, మానలేకపోతున్నానని, డాక్టరుకు చూపించమని ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఆస్పత్రిలో చేర్పిస్తే నేరం ఒప్పుకున్నట్టేనని, కేసు తేలేదాకా ఆగమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక తల్లి

జవాబు: ఆగవద్దమ్మా. మీ బంధువులు మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ చట్టం చెప్పేది దానికి పూర్తిగా భిన్నం.

మత్తు పదార్థాల కేసులకు వర్తించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ మీ అబ్బాయి లాంటి వాళ్ల కోసమే ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి మీద వాడకం కేసు గానీ, చిన్న పరిమాణం కేసు గానీ ఉన్నప్పుడు, అతను తనంతట తానుగా వైద్యం కోరి, పూర్తిగా చేయించుకుంటే ఆ నేరానికి విచారణ ఎదుర్కోవలసిన అవసరం ఉండదు. గంజాయి విషయంలో కిలో వరకు చిన్న పరిమాణమే. శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటిన కేసుల్లో కనీస శిక్షే పదేళ్లు. ఆ కేసుల కథలు విని మీరు బెంబేలెత్తవద్దు.

అయితే రెండు మెలికలున్నాయి. ఆస్పత్రి ప్రభుత్వానిదో, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో అయి ఉండాలి. బోర్డు చూసి ఏదో ఒక కేంద్రంలో డబ్బు కట్టి చేర్పిస్తే ఈ రక్షణ దక్కదు. వైద్యం మధ్యలో మానేస్తే ఇచ్చిన రక్షణను వెనక్కి తీసుకోవచ్చు కూడా. మీకు దగ్గరలో తిరుపతి రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఉంది. మత్తు మాన్పించేందుకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే సలహా ఉచితం.

మొదటి వారం కష్టంగా గడుస్తుంది. నిద్ర పట్టదు, అన్నం సహించదు, చిన్న మాటకే విసుక్కుంటాడు. అది పొగరు కాదు, మత్తు ఆగినప్పుడు శరీరం చేసే గోల. చాలా కుటుంబాలు అక్కడే ఓడిపోయి ఇంటికి తీసుకువెళ్లిపోతాయి. ఆకే కదా అనుకునే గంజాయి చిన్న వయసులో, ఎక్కువగా వాడిన వాళ్లలో లేని మాటలు వినిపించడం, అందరినీ అనుమానించడం వంటి మానసిక వ్యాధులకు దారి తీసే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి లక్షణాలేవైనా కనిపించి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

కాగితాలు జాగ్రత్త. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి ఓపీ చీట్లన్నీ తేదీల వరసన పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చాడు. నేను చేయవలసిన పనిలో సగం ఆయనే చేసిపెట్టాడు. వ్యసనం ఉందని డాక్టరు రాసిన ధ్రువపత్రం మాత్రం తప్పక ఉండాలి, ఎందుకంటే ఒకటి రెండుసార్లు రుచి చూసిన వాళ్లకు 64ఎ వర్తించదు. ఒకవేళ కోర్టు దోషిగా తేల్చినా, 39వ సెక్షన్ కింద జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం దానికి ఉంది.

బెయిలు షరతుగా వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టాలని ఉందేమో ఉత్తర్వు చూడండి. ఉంటే ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు మినహాయింపు కోరుతూ మీ న్యాయవాది చేత వెంటనే పిటిషన్ వేయించండి. న్యాయవాదికి ఇచ్చుకునే స్థోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు చేయండి.