నత్తి ఉంటే మైకు వదిలేయాలా?

ప్రశ్న: సార్, మాది రాజాం దగ్గర పల్లె. కాలేజీలో మైకిస్తే నత్తొచ్చేస్తంది. నత్తి ఉన్నాయన స్పీచుల్లో వరల్డ్ చాంపియన్ అయ్యాడంట, నిజమేనా?
- డిగ్రీ విద్యార్థి

జవాబు: నిజమే తమ్ముడూ. సౌదీ ఇంజినీర్ మహమ్మద్ ఖహ్తానీ, చిన్నప్పట్నుంచీ నత్తి, 2015లో టోస్ట్‌మాస్టర్స్ (స్పీచులు నేర్పే క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ) ప్రపంచ పోటీ గెలిచాడు, తర్వాత ట్రైనర్ కూడా అయ్యాడు. అక్కడ స్పీచ్ 5 నుంచి 7 నిమిషాలే, ఏడున్నర దాటితే అవుట్ (మన సభల్లో వేదిక మీద పెద్దల పేర్లకే అది చాలదులే!). ఆయన స్టేజెక్కి మాట్లాడకుండా సిగరెట్ నోట్లో పెట్టుకుని లైటర్ తీశాడు, జనం ఒకటే నవ్వు, అప్పుడు నోరు విప్పాడు. నువ్వూ ముందు ఆగడం నేర్చుకో, పదం ఇరుక్కుంటే తోసేయకు, ఊపిరి తీసుకుని మెల్లగా అను. స్పీచ్ థెరపిస్ట్‌ని కూడా ఓసారి కలువు, సిగ్గేం లేదు.