చెరువులో గుర్రపు డెక్క ఒకేసారి తీసేస్తే చేపలు చస్తాయా?

చెరువు ముప్పావు వంతు గుర్రపు డెక్కతో నిండిపోయింది, మందు కొట్టి ఒకేసారి వదిలించుకుంటే లోపలి చేపలకు ఏమైనా అవుతుందా అని అడిగారు. అవుతుంది. నేను అదే పని చేసి చేతులు కాల్చుకున్నాను.

అప్పట్లో మేం చెరువంతా ఒకే రోజు మందు కొట్టించాం. నాలుగు రోజులైనా చేపలకు ఏమీ కాకపోయేసరికి గండం గడిచిందనుకున్నాం. వారం తిరిగేసరికి డెక్క గోధుమ రంగుకు మారి మునగడం మొదలైంది. ఆ తర్వాత ఒక రోజు తెల్లవారుజామున వెళితే గట్టు మీదికే కుళ్లు కంపు కొడుతోంది. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. నీళ్లలో చెయ్యి పెట్టినా పక్కకు జరగడం లేదు. ఎండెక్కేసరికి బొచ్చెలు, శీలావతులు వెల్లకిలా తేలాయి. కొరమీనులు మాత్రం బతికాయి, అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కదా.

మందు కొట్టిన రోజున కాకుండా డెక్క కుళ్లాక చచ్చాయంటే కారణం అర్థమవుతూనే ఉంది. చచ్చిన మొక్కల్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చాలా చేపలకు ఇబ్బంది ఉండదు, 2కి పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. రాత్రిపూట ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు. అందుకే గండమంతా తెల్లవారుజామునే. వేసవిలో మరీ కష్టం, వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ.

అలాగని డెక్కను వదిలేసినా చేపలకు మంచిది కాదు. అది వెలుతురును, గాలిని నీటికి తగలనివ్వదు, కింద ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సును డెక్క కప్పేసిన రోజుల్లో, తక్కువ ఆక్సిజన్‌కు తట్టుకునే లంగ్‌ఫిష్, క్యాట్‌ఫిష్‌లే కొన్నిచోట్ల వలలకు ఎక్కువగా పడ్డాయి.

రెండేళ్లకు మా చెరువులో డెక్క మళ్లీ పెరిగింది. ఈసారి మందు జోలికి పోలేదు. మూడో వంతు చొప్పున కొక్కేల కర్రలతో లాగి, మధ్యలో రెండేసి వారాలు ఆగాం. లాగిందాన్ని గట్టు మీద వదలకుండా దూరంగా పారబోశాం, లేకపోతే వాన పడగానే ఆ కుళ్లు నీళ్లు మళ్లీ చెరువులోకే దిగుతాయి. మొదటి రోజే ఒక సంగతి తెలిసింది. డెక్క వేళ్లు నల్లగా ఈకల్లా ఉంటాయి కదా, కుప్పలో ఒక మొక్కను పట్టుకుని విదిలిస్తే చిన్న రొయ్యలు, తూనీగ పిల్లలు, వాటితో పాటు గోరంత చేప పిల్లలు ఎగిరెగిరి పడ్డాయి. మేం కలుపుతో పాటు వాటినీ గట్టుకెక్కించేస్తున్నామన్నమాట! అప్పటి నుంచి ప్రతి మోపునూ నీళ్లలోనే బాగా జాడించి పైకి తీశాం.

చేపల తీరు కూడా మారింది. పిల్లలన్నీ మిగిలిన డెక్క కిందే ఇరుక్కున్నాయి, కొంగలు అక్కడే మకాం పెట్టాయి. పెద్ద చేపలు నడి చెరువులో తిరగడం మొదలుపెట్టాయి. వేటాడే చేపలకు అసలు అడ్డం తొలగింది. మొక్కలు మరీ దట్టంగా ఉంటే వాటికి వేట దొరకదు, చిన్న చేపలు లెక్కకు మించి పెరిగి తిండి చాలక గిడసబారతాయి. అలాగని పూర్తిగా నున్నగా చేస్తే పిల్లలకు దాక్కోవడానికి చోటుండదు. కాబట్టి గట్టు వెంట ముందు నుంచీ ఉన్న తుంగ, కలువల్ని ముట్టుకోకండి. మేం ఎండు కొమ్మల మోపులు కూడా నాలుగైదు చోట్ల ముంచి పెట్టాం. దాపు కోసం డెక్కనే కాస్త ఉంచుదామని మాత్రం అనుకోవద్దు, అనుకూలిస్తే అది రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది.

డెక్క పోయిన నెలకు నీళ్లు పచ్చబడ్డాయి. ఇన్నాళ్లూ అది పీల్చుకున్న ఎరువును ఇప్పుడు నాచు తీసుకుందంతే. మురుగో, పొలాల ఎరువు నీళ్లో చెరువులోకి వస్తుంటే ముందు దాని సంగతి చూడండి.

గడ్డి చేపల్ని (గ్రాస్ కార్ప్) వదిలితే సరిపోతుందని ఎవరో కామెంట్ పెట్టారు. అవి నీటి లోపల పెరిగే లేత మొక్కల్ని తింటాయి గానీ డెక్కను పెద్దగా ముట్టవు. డెక్కను తినే ముక్కు పురుగులు ఉన్నాయి, కానీ వాటి ప్రభావం కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

తీశాక కూడా నిఘా ఉండాలి, దాని విత్తనాలు బురదలో 15 ఏళ్లకు పైగా బతికుంటాయి. మేం ఇప్పటికీ నెలకోసారి గట్టు చుట్టూ తిరిగి, అరచేతంత మొలక కనిపించినా పీకేస్తాం.