మధ్యలో పెట్టిన సొరుగు తెరుచుకోదు

ప్రశ్న: కొత్త ఫ్లాట్‌లో పడకగది గోడకి ఎనిమిది అడుగుల వెడల్పు, రెండడుగుల లోతుతో వార్డ్‌రోబ్ చేయిస్తున్నాం. మంచానికీ దానికీ మధ్య మూడడుగులే ఉంటుంది కాబట్టి రెండు స్లైడింగ్ తలుపులు అనుకున్నాం. కార్పెంటర్ గీసిచ్చిన బొమ్మలో సరిగ్గా మధ్యన, ఒకదానిమీద ఒకటి ఆరు సొరుగులున్నాయి. అన్నీ పదేసి అంగుళాల ఎత్తు. నా పట్టుచీరలు, మా అత్తయ్యగారి బట్టలు వాటిలోనే పెట్టాలి. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నగలకి తాళం సొరుగు కూడా కావాలి. ఈ ప్లాన్‌కి సరే అనమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అనకండమ్మా. స్లైడింగ్ తలుపులు రెండూ ఒకేసారి పక్కకి తప్పుకోవు. ఒకటి జరిపితే రెండోదాని మీదికి వెళ్లి ఆగుతుంది. ఎప్పుడు చూసినా సగం వార్డ్‌రోబ్ మూసే ఉంటుంది. నడిమధ్య సొరుగులు పెడితే ఎడమవైపు తెరిచినా, కుడివైపు తెరిచినా వాటికి సగం అడ్డమే. బిగించాక గానీ ఈ సంగతి ఎవరికీ తట్టదు, అప్పటికి చెక్క కోసేసి ఉంటారు. మీ కార్పెంటర్‌ని ఏమీ అనకండి. మామూలు రెక్కల తలుపులకి ఆ బొమ్మ చక్కగా సరిపోతుంది, చెయ్యి అలవాటుకొద్దీ అదే గీసిచ్చాడు.

సొరుగుల వరసని పూర్తిగా ఏదో ఒక సగంలోకి జరిపించండి. తలుపులు ఒకదానిమీద ఒకటి ఎక్కే చోటు, పక్క చెక్కలు పోగా ఒక్కో వైపు సుమారు 44 అంగుళాలు తెరుచుకుంటుంది. అందులో 30 అంగుళాలు సొరుగులకి, మిగతాది అరలకి ఇవ్వండి. తెరిచిన తలుపు అంచుకీ సొరుగుకీ మధ్య రెండంగుళాలైనా ఎడం ఉండాలి.

30 అని ఊరికే అనలేదు. మా నాన్నగారు వడ్రంగి. బీరువా పని ఒప్పుకుంటే ముందు ఇంటావిడ చేత ఓ పట్టుచీర మడతపెట్టించి, దానిమీద టేపు పెట్టేవారు. మీరూ కొలవండి. 14 అంగుళాల మడత అనుకుందాం. సొరుగు జారడానికి పక్కన బిగించే పట్టా, అదే టెలిస్కోపిక్ చానల్, ఒక్కో పక్క అరంగుళం తింటుంది, సొరుగు పక్క చెక్కలు రెండూ కలిసి ఇంకో అంగుళం. లోపల మిగిలేది 28, అంటే చీరలు రెండు వరసలు. మీ మడత 15 వస్తే సొరుగు 32 చేయించండి, చీరని మాత్రం కుక్కకండి.

ఎత్తు విషయంలో మీ ప్లాన్ నాకు అసలు నచ్చలేదు. పదేసి అంగుళాల సొరుగులు ఆరు పేరిస్తే, కింద నేలకి ఆనే చెక్కపట్టీ, అదే స్కర్టింగ్‌తో కలిపి పై సొరుగు అయిదడుగులు దాటుతుంది. లాగితే అడుగు కనిపిస్తుంది గానీ లోపల ఏముందో కనిపించదు. పైగా పదంగుళాల లోతులో చీరలు పేరిస్తే అడుగున ఉన్నది పెళ్లిళ్ల సీజన్‌కి కూడా పైకి రాదు, బరువుకి జరీ మడతల దగ్గర నలిగిపోతుంది. నాలుగు చీరలకి మించి దొంతర వద్దు.

నేనైతే ఇలా చేయిస్తాను. తడిగుడ్డ తగలకుండా కింద నాలుగంగుళాల స్కర్టింగ్. దానిపైన దుప్పట్లకి పదంగుళాల సొరుగు ఒక్కటే. ఆపైన చీరలకి ఆరేసి అంగుళాలవి రెండు, అత్తయ్యగారికి ఆరేసివి రెండు, అన్నిటికీ పైన చిల్లర సామానుకి నాలుగంగుళాలది. మొత్తం నేలనుంచి 42 అంగుళాలు. అత్తయ్యగారి సొరుగులు 26 అంగుళాల దగ్గర మొదలవుతాయి కాబట్టి ఆవిడ మంచం అంచున కూర్చుని లాగినా మోకాళ్లకి కొట్టుకోవు, వంగక్కర్లేదు.

లోతు రెండడుగులు చాలదు. తలుపుల పట్టాలకే మూడు నాలుగు అంగుళాలు పోతుంది, మిగిలినదాంట్లో హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా భుజం తలుపుకి రాసుకుంటుంది. 27 చేయించండి. గదిలో మూడంగుళాలు పోతాయి, పోనివ్వండి. 20 అంగుళాల సొరుగు పూర్తిగా లాగినా ముందు నిలబడడానికి అడుగు పైన ఉంటుంది. లోపలి సొరుగులకి పొడుచుకొచ్చే హ్యాండిల్స్ పెడితే తలుపుకి తగులుతాయి. ముందు చెక్క పై అంచున నాలుగు వేళ్లు పట్టేంత అరచందమామలా కోయించి, ఇసుక కాగితంతో నునుపు చేయించండి, లేకపోతే చీర పోగులు లేస్తాయి.

సొరుగు అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలంటారు. 28 అంగుళాల వెడల్పుకి చాలదు, రెండేళ్లకి పొట్ట దిగుతుంది. తొమ్మిది మిల్లీమీటర్లది అడగండి. కిందనుంచి మేకులు కొట్టకుండా పక్క చెక్కలకి గాడి తీసి అందులోకి దూర్చమనండి.

తాళం సొరుగు పెట్టించుకోండి, పిల్లల చేతులకి అందకుండా. దొంగకి అది అడ్డం కాదు, బంగారం బ్యాంకు లాకర్లోనే ఉంచండి.

రేటు చదరపు అడుగుకి మాట్లాడుకున్నా, చాలామంది సొరుగులకి వేరే లెక్క వేస్తారు. ఒక్కో సొరుగుకి ఎంత, చానల్ ఏ కంపెనీది, ఎన్ని కిలోలు మోసేది అన్నవి అడ్వాన్స్ ఇచ్చేముందే కాగితంమీద రాయించుకోండి.

ప్రశ్న: మా తాతగారి నాటి టేకు బీరువా సొరుగు వానాకాలం వస్తే బిగుసుకుపోతోంది. చిత్రిక పట్టించమంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఇప్పుడే వద్దండి. తేమకి చెక్క ఉబ్బింది, అంతే. ఇప్పుడు చిత్రిక పడితే ఎండాకాలంలో వదులై ఊగుతుంది. సొరుగు బయటికి తీసి, రాసుకున్న చోట నల్లటి మెరుపు కనిపిస్తుంది చూడండి, అక్కడ కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. మార్చిలో కూడా పట్టేస్తుంటే అప్పుడు చిత్రిక పట్టించండి, అదీ ఆ మెరుపు ఉన్నంతమేరే.