రింగుల జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ మచ్చ చూపించండి

ప్రశ్న: మాది అనంతపురం. రెండేళ్ళుగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాం. మా పాపకు ఐదేళ్ళు, యూకేజీ చదువుతోంది. వాళ్ళ నాన్నలాగే రింగుల జుట్టు. ఇక్కడి బోరు నీళ్ళకు జుట్టు పీచులా తయారై, రోజూ చిక్కు తీసేటప్పుడు ఏడుస్తోంది. ఏ నూనె రాయాలి, ఏ షాంపూ వాడాలి? తిరుమలలో మరోసారి గుండు చేయిస్తే జుట్టు సాఫీగా వస్తుందని మా అత్తగారు అంటున్నారు, నిజమేనా? అన్నట్టు, మూడు వారాలుగా తల వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడింది. పేనుకొరుకుడనుకుని గురివింద గింజ అరగదీసి రాశాం. తర్వాత మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే దురద తగ్గింది గానీ మచ్చ పెద్దదైంది, పొట్టు రాలుతోంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నూనె గురించీ షాంపూ గురించీ వివరంగా అడిగి, అసలు అడగవలసిన విషయాన్ని మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ చేర్చారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

పేనుకొరుకుడులో జుట్టు ఊడిన చోట చర్మం సాధారణంగా నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. పొట్టు రాలుతూ, దురద పెడుతూ, మచ్చ రోజురోజుకూ పెద్దదవుతూ, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్లని చుక్కల్లా కనిపిస్తూ ఉంటే మాత్రం తలకు తామర పట్టిందేమోనని ముందుగా అనుమానించాలి. ఇది ఫంగస్ వల్ల వచ్చేది, బడికి వెళ్ళే వయసు పిల్లల్లో మేము తరచుగా చూసేదే. పాపను చూడకుండా ఇదే జబ్బని నేను తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే ఈ వారంలోనే చర్మవ్యాధుల నిపుణులకు చూపించవలసిన లక్షణాలివి అని మాత్రం గట్టిగా చెప్పగలను.

క్రీము రాస్తే దురద తగ్గిందన్నారు, మచ్చ పెరిగిందన్నారు. ఈ రెండూ కలిసి వచ్చాయంటే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన పూతమందులు మన దేశంలో దుకాణాల్లో అడిగిన వెంటనే దొరుకుతున్నాయి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది కాబట్టి నయమవుతోందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, కానీ ఆ చోట శరీరానికి ఉన్న రక్షణ కూడా తగ్గిపోవడంతో ఫంగస్ లోలోపల విస్తరిస్తుంది, మచ్చ రూపు మారిపోయి తర్వాత చూసే డాక్టరుకు గుర్తుపట్టడం కూడా కష్టమవుతుంది. స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లోనే వాటిని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అయినా కౌంటరు దగ్గర నిలబడి ‘పాపకు తలలో మచ్చ’ అంటే చాలు, ట్యూబు చేతిలో పడుతోంది. తప్పు అమ్మేవాళ్ళది మాత్రమే కాదమ్మా, మూడు వారాలు ఆగిన మీకూ అందులో వాటా ఉంది. ఈ రోజు నుంచి ఆ క్రీము ఆపండి, ట్యూబును మాత్రం పారేయకుండా డాక్టరుకు చూపించండి.

గురివింద గింజ విషయంలో ఇంకొంచెం కఠినంగానే చెప్పాలి. అందులో ఉండే అబ్రిన్ ప్రాణాంతకమైన విషం. గింజ పైపెంకు గట్టిది కాబట్టి చెక్కుచెదరకుండా మింగినప్పుడు ఒక్కోసారి ప్రమాదం తప్పుతుంది కానీ, అరగదీసిన గింజ అలా కాదు. దాన్ని తలకు రాసుకున్న ఐదేళ్ళ పిల్ల దురదకు గోక్కుని అదే చేయి నోట్లో పెట్టుకోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. గోకి పుండైన చర్మానికి రాయడం మరీ ప్రమాదం. ఇంట్లో మిగిలిన గింజలుంటే పిల్లలకు అందకుండా తీసేయండి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపే అలవాటుంటే అదీ మానండి, చిన్నపిల్లలు కర్పూరం కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు.

డాక్టరు ఆ చోటి నుంచి పొట్టునూ తెగిన వెంట్రుకలనూ కొద్దిగా గీరి మైక్రోస్కోపు కింద చూస్తారు, అవసరమనిపిస్తే కల్చర్‌కు, అంటే ఆ ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు పంపుతారు, దాని ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. పరీక్షకు వెళ్ళే ముందు తలకు నూనె రాయకండి. తామర అని తేలితే ఒక్క పూతమందుతో నయం కాదు, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక కుదురు లోపలికి చేరి ఉంటుంది. పాప బరువును బట్టి నోటి ద్వారా మందు ఇస్తారు. గ్రిసియోఫుల్విన్ అయితే మామూలుగా 6 నుంచి 8 వారాలు, పాలతోనో నెయ్యి వేసిన అన్నంతోనో ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. టెర్బినాఫిన్ లాంటి మందులూ ఉన్నాయి, ఏది ఇవ్వాలో చూసిన డాక్టరే నిర్ణయిస్తారు. పదిరోజులకే జుట్టు మొలుస్తోందని మందు ఆపేసేవాళ్ళు చాలామంది, రెండు నెలలకు మళ్ళీ వచ్చేదీ వాళ్ళే. ప్రైవేటు ఖర్చు భారమనుకుంటే శివాజీనగర్‌లోని బౌరింగ్ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది.

ఈలోగా పాప దువ్వెన, తువ్వాలు, దిండుగలీబు వేరుగా ఉంచి వేడినీళ్ళతో ఉతకండి. ఇంట్లో ఇతర పిల్లల తలలూ వెలుతురులో పాయలు తీసి చూడండి. అపార్ట్‌మెంట్లో పాప పిల్లికూనలతో, కుక్కపిల్లలతో ఆడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఒక రకం ఫంగస్ వాటి నుంచే వస్తుంది. మచ్చ ఉబ్బి మెత్తగా మారినా, చీము కారినా, జ్వరం వచ్చినా వారం ఆగకుండా అదే రోజు చూపించండి. అది మామూలు గడ్డ అనుకుని కోయించకూడదు. ఆలస్యమైతే ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

ఇక మీరు అడిగిన రింగుల జుట్టు. ఇలాంటి జుట్టులో తల మీద ఊరే సహజమైన జిడ్డు కొసల దాకా జారదు కాబట్టి కొసలు పొడిబారి చిక్కులు పడతాయి. అది జబ్బు కాదు. వారానికి ఒకటి రెండు సార్లు పిల్లల షాంపూతో తలస్నానం చాలు. సబ్బు మాత్రం వద్దు, బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి అది తెల్లని తెట్టులా వెంట్రుకలకు అంటుకుంటుంది. చివర ఒకటి రెండు చెంబులు కావేరీ నీళ్ళో ఫిల్టరు నీళ్ళో పోస్తే తేడా తెలుస్తుంది. చిక్కు పొడి జుట్టు మీద తీయకండి. తడిగా ఉన్నప్పుడు, కొసలకు కండిషనర్ రాసి, పాయను మొదట్లో చేత్తో పట్టుకుని, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి వస్తే లాగిన నొప్పి తలకు తగలదు. మచ్చ నయమయ్యాక తలస్నానానికి ముందు మామూలు కొబ్బరినూనె రాయవచ్చు, ఖరీదైనవి అక్కర్లేదు. జడలు వదులుగా వేయండి, నుదుటి పక్కన జుట్టు పలచబడుతుంటే బిగువు ఎక్కువైందని అర్థం. పార్లర్లో సాఫీ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి, వాటిలో చాలావరకు వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది.

గుండు చేయిస్తే జుట్టు సాఫీగా రాదు. రింగు తిరిగేది వెంట్రుక కుదురు ఆకారాన్ని బట్టి, కత్తి దాన్ని మార్చదు. వయసు పెరిగేకొద్దీ కొందరిలో రింగులు తగ్గుతాయి, గుండు తర్వాత అలా జరిగితే ఆ పేరు గుండుకు వస్తుంది. ఇప్పుడున్న స్థితిలో క్షవరం చేయిస్తే తామర తలంతా పాకవచ్చు, ఆ కత్తి ఇంకొకరికి వాడితే వాళ్ళకూ అంటవచ్చు. మొక్కు ఉంటే, పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పాకే తిరుమల వెళ్ళండి, కల్యాణకట్టలో పాపకు కొత్త బ్లేడు వేశాకే తల వంచమనండి.