ఎలెన్ విల్కిన్సన్ మీద నీ థీసిస్ గురించి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

బ్రిటన్ లేబర్ పార్టీ ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ మీద నువ్వు రాస్తున్న థీసిస్ మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. అందులో సగానికి పైగా జారో పాదయాత్రే ఉంది. రాయాల్సిందే, కాదనను. 1936 అక్టోబరులో 200 మంది, షిప్‌యార్డు మూతపడిన జారో ఊరి నుంచి పని కోసం లండన్ దాకా నడిచారు. 11 వేలకు పైగా సంతకాలున్న వినతిపత్రాన్ని ఎలెన్ పార్లమెంటు ముందు పెట్టింది. ప్రధాని బాల్డ్విన్ వాళ్లను కలవనే లేదు. కానీ తల్లీ, నీ థీసిస్ వెనక బెంచీ ఎంపీగా, అంటే మంత్రి పదవేదీ లేని సభ్యురాలిగా, ఆమె చేసిన పని మీద కదా! ఆ పని చూడాలంటే 1938 హైర్ పర్చేజ్ (వాయిదాల కొనుగోలు) చట్టం దగ్గర కూర్చోవాలి.

అప్పట్లో పేదవాళ్లు మంచం, బీరువా లాంటివి వాయిదాల మీద కొనేవాళ్లు. చాలావరకు కట్టేశాక ఒకటి రెండు వాయిదాలు తప్పినా కొన్ని కంపెనీల మనుషులు వచ్చి వస్తువు పట్టుకుపోయేవాళ్లు. కట్టిన డబ్బూ పోయేది. ప్రతిపక్షంలో ఉండి, మంత్రి పదవి లేకుండా, ప్రభుత్వం కాకుండా సభ్యులే సొంతంగా పెట్టే ప్రైవేటు మెంబరు బిల్లుతో ఆమె దీన్ని ఆపించింది. మూడో వంతు కట్టాక కోర్టుకు వెళ్లకుండా వస్తువు తీసుకుపోకూడదు. రొక్కానికి ధరెంతో ముందే రాసి చూపాలి. ఆమె పార్లమెంటు జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

1937 డిసెంబరు నాటి సెకండ్ రీడింగ్ చర్చనూ (బిల్లు ఉద్దేశం మీద సభలో జరిగే చర్చ), పాసైన చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదువు. చట్టం వర్తించే ధరకు మామూలు వస్తువులకు 100 పౌండ్ల పరిమితి, మోటారు బండ్లకు 50 పౌండ్లే. ఆ పరిమితులు ఎవరితో బేరమాడితే వచ్చాయో కమిటీ చర్చల్లో వెతుకు.

హాన్సార్డ్ (పార్లమెంటు చర్చల అధికారిక రికార్డు) ఆన్‌లైన్‌లో ఉంది కదా అని ఆమె పేరు కొట్టి, వచ్చిన ముక్కలే చదవకు. ఆ రోజు సభ మొత్తం చదువు. మంత్రి జవాబు మీద అడిగే అనుబంధ ప్రశ్నలు అస్సలు వదలకు. నా ఎం.ఫిల్‌లో నేను ప్రసంగాలే చదివి, ఏడాది పని తిరగరాసుకున్నాను. ఆ టెన్షన్ నీకు వద్దు.

ఇంకో మాట. 1932లో కృష్ణ మీనన్‌తో కలిసి ఇండియా లీగ్ (మన స్వాతంత్ర్యం కోసం లండన్‌లో పనిచేసిన సంస్థ) బృందంలో ఆమె మన దేశం వచ్చినప్పుడు ఎంపీ కాదు. 1931లో ఓడిపోయింది, మళ్లీ గెలిచింది 1935లో. ఆ ప్రయాణాన్ని పార్లమెంటు పనుల్లో కలిపేశావు, విడిగా పెట్టు.

తిరగరాశాక పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, ఎంత పొడుగున్నా చదువుతాను.

నీ మామయ్య