రావాల్సిన @ రాదు, అడగని £ వస్తుంది

ప్రశ్న: మా సెంటర్లో దరఖాస్తులు నింపే కంప్యూటర్లో షిఫ్ట్ పట్టుకుని 2 కొడితే @ బదులు " పడుతోంది. 3 మీద # బదులు £ వస్తోంది. ఈమెయిల్ ఐడీలు కొట్టలేక జనం లైన్లో నిలబడిపోతున్నారు. కొత్త కీబోర్డు తెచ్చి పెట్టినా అదే వరస. – నెట్ సెంటర్ నిర్వాహకుడు, పర్లాకిమిడి

కొత్త కీబోర్డు డబ్బులు దండగ అయ్యాయి. పాతదానికి ఏ జబ్బూ లేదు. కీబోర్డు అక్షరాలను పంపదు, ఏ కీ నొక్కారో దాని సంఖ్య ఒక్కటే పంపుతుంది. ఆ సంఖ్యకు ఏ గుర్తు పడాలో తేల్చేది కంప్యూటర్లో ఉన్న లేఔట్. £ కనిపించిందంటే మీ దగ్గర నడుస్తున్నది బ్రిటన్ లేఔట్. అందులో @, " చోట్లు తారుమారు. ఎంటర్ పక్కనున్న కొటేషన్ కీని షిఫ్ట్‌తో నొక్కండి, మీ @ అక్కడ దొరుకుతుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, తేదీ ముందు, నెల తర్వాత రావాలని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఇంగ్లీష్ యునైటెడ్ కింగ్‌డమ్ ఎంచుకుంటారు. దానితోపాటు కీబోర్డూ వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీష్ ఇండియా ఎంచుకున్నా తేదీ అలాగే వస్తుంది, గుర్తులు కూడా కీల మీద అచ్చయినట్టే పడతాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లండి. ముందు ఇంగ్లీష్ ఇండియాను చేర్చండి, ఆ తర్వాతే యునైటెడ్ కింగ్‌డమ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రిమూవ్ కొట్టండి. జాబితాలో ఉన్న భాష ఒక్కటే అయితే దాన్ని తీసెయ్యనివ్వదు, అందుకే ఈ వరస. జాబితాలో లేకపోయినా విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కినప్పుడు బ్రిటన్ లేఔట్ ఇంకా కనిపిస్తోందా? దాన్నే ఒకసారి చేర్చి మళ్లీ తీసెయ్యండి, చాలాసార్లు పోతుంది. లాగిన్ తెర లెక్క వేరు. అక్కడా మారాలంటే అదే పేజీలోని అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కాపీ సెట్టింగ్స్ తెరిచి, వెల్‌కమ్ స్క్రీన్ దగ్గర టిక్కు పెట్టాలి. ఈ ఒక్క మెట్టు వదిలేసి, సరైన పాస్‌వర్డే కొడుతున్నా తీసుకోవడం లేదని వాపోయేవాళ్లు చాలామంది.

4 మీద ₹ ముద్ర ఉన్నా తెర మీద పడడం లేదన్న ఫిర్యాదుకూ మందు ఇదే. ఇంగ్లీష్ ఇండియా లేఔట్‌లో కుడి ఆల్ట్ పట్టుకుని 4 కొడితే ₹ వస్తుంది. అమెరికా లేఔట్‌లో ఎంత కొట్టినా రాదు.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి చోట్ల ఒకే కంప్యూటర్లో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడూ ఉంటాయి. వచ్చే ఉత్తరాల్లో సగం గొడవ ఇక్కడిదే. ఒడియాకైనా తెలుగుకైనా కీబోర్డు లేఔట్‌లో ప్రభుత్వ ప్రమాణం ఇన్‌స్క్రిప్ట్. 1986లో వచ్చింది. మంచి ఏర్పాటు: క ఉన్న కీ మీదే ఒడియా క కూడా ఉంటుంది, ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే. కాకపోతే పై వరసలో గుర్తుల చోటును సంయుక్తాక్షరాలు తీసుకున్నాయి. షిఫ్ట్‌తో 3 కొడితే # కాదు, ర ఒత్తు, అంటే క్రావడి పడుతుంది (ఒడియావాళ్లు ర-ఫళా అంటారు). 6 మీద త్ర, 7 మీద క్ష. దరఖాస్తులో పేరు ఒడియాలో కొట్టి, భాష మార్చకుండానే ఈమెయిల్ గడిలోకి దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

భాష తనంతట తానే మారిపోతోందంటారు. తనంతట తాను మారదు. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ రెండూ ఒకేసారి తగిలితే చాలు, మారుతుంది. వేగంగా కొట్టే చేతికి అవి తగలకుండా ఎలా ఉంటాయి? రెండు భాషలు చేర్చిన ప్రతి మనిషికీ అడగకుండా ఈ సత్వరమార్గం అంటగట్టడం నిర్లక్ష్యపు రూపకల్పన. మార్పు జరిగిందని చెప్పేది తెర మూల గోరంత అక్షరాలు. చుక్కలు తప్ప మరేమీ చూపని పాస్‌వర్డ్ గడి పక్కనే ఇప్పుడు ఏ లేఔట్ నడుస్తోందో రాస్తే ఎంతమంది ఖాతాలు లాక్ కాకుండా ఉంటాయి! భాష ఒకటి అనుకుని దేశానికో లేఔట్ తయారుచేసినవాళ్లు, భాషలు మూడు ఉన్న బల్ల దగ్గర కూర్చుని చూడలేదు. మీరు చెయ్యగలిగింది ఇది: సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్‌లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్, చేంజ్ కీ సీక్వెన్స్ తెరిచి రెండు వైపులా నాట్ అసైన్డ్ పెట్టండి. విండోస్ కీ, స్పేస్ ఎలాగూ పనిచేస్తుంది, అది పొరపాటున తగలదు. ఒడియా కోసం పాత కంప్యూటర్ జాబితాలో వెతుకుతుంటే ఒరియా అనీ చూడండి. రాజ్యాంగంలో పేరు 2011లోనే మారినా పాత సిస్టంలలో పాత పేరే ఉంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో యూ, ఐ, ఓ కొడితే 4, 5, 6 పడుతున్నాయి. – రాయగడ

నమ్‌లాక్ ఆన్ అయింది. ఎఫ్ఎన్ పట్టుకుని నమ్‌లాక్ నొక్కండి.

ప్రశ్న: కొటేషన్ కొడితే ఏమీ రాదు, తర్వాత ఇంగ్లీషు ఏ (a) కొడితే దాని నెత్తిన చుక్కలు వస్తున్నాయి. – జయపురం

యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ లేఔట్ చేరింది. అందులో కొటేషన్ తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది. స్పేస్ కొడితే విడిగా పడుతుంది. ఆ లేఔట్ తీసేస్తే బాధే ఉండదు.

ప్రశ్న: ఈ గుర్తుల బాధకు వీడియోలో చెప్పిన కీబోర్డ్ ఫిక్సర్ ప్రోగ్రాం వేశాను. యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. ఇంకా సరికాలేదు. – గుణుపురం

గుర్తుల సంగతి పక్కన పెట్టండి. ముందు నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి, ఆ కంప్యూటర్లో ఇంకేమీ కొట్టకండి. యాంటీవైరస్ ఆపమన్న ప్రోగ్రాం కీబోర్డును బాగుచెయ్యడానికి కాదు, మీరు కొట్టేది చదవడానికే వచ్చి ఉండొచ్చు. మీ సెంటర్లో కొట్టేది మీ పాస్‌వర్డ్ ఒక్కటే కాదు: ఊళ్లో జనం ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఫోన్లకు వచ్చిన ఓటీపీలు. మరో ఫోన్ నుంచి ముఖ్యమైన పాస్‌వర్డులు మార్చండి. ఆ మెషీన్లో విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్టయి పావుగంట పడుతుంది. జనం వివరాలు ఉన్న కంప్యూటర్ కాబట్టి, స్కాన్‌లో ఏమీ దొరకకపోయినా ఫైళ్లు బ్యాకప్ తీసి విండోస్ మళ్లీ వెయ్యడమే మేలు. ఎవరి ఖాతాలోనైనా డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఒడియా, తెలుగు టైపింగ్ కోసం క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసే సెంటర్లకు కూడా ఇదే ముప్పు. దాని అవసరమే లేదు. ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్ల కోసం 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఈ రెండు భాషలకూ ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ ప్రకారం కొట్టే ఫొనెటిక్ కీబోర్డు ఉచితంగా ఉంది.

ఇంకో అలవాటు చూస్తే భయం వేస్తుంది. పాస్‌వర్డ్ సరిగా పడుతోందో లేదో చూద్దామని దాన్ని యూజర్‌నేమ్ గడిలోనో, బ్రౌజర్ పైనున్న అడ్రస్ గడిలోనో కొట్టి చూస్తారు. యూజర్‌నేమ్‌ను బ్రౌజర్ గుర్తుపెట్టుకుని తర్వాత కూర్చున్నవాడికి సూచనగా చూపిస్తుంది. అడ్రస్ గడిలో కొట్టింది సెర్చ్ చరిత్రలో చేరుతుంది. పరీక్షించాల్సింది పాస్‌వర్డ్ కాదు, గుర్తులు. నోట్‌ప్యాడ్‌లో @ # " మూడూ కొట్టి చూస్తే లేఔట్ తెలిసిపోతుంది. రోజూ పొద్దున్నే సీపీయూ వెనక్కి వంగి చూడండి: కీబోర్డు వైరుకూ యూఎస్‌బీ పోర్టుకూ మధ్య వేలెడంత ముక్క ఏదైనా ఉంటే అది ప్రతి కీ రాసుకునే పరికరం కావచ్చు. ఏ స్కానూ దాన్ని పట్టదు.

లేఔట్ సరిగా ఉండీ తప్పు పడితేనే కీబోర్డును అనుమానించండి. విండోస్ కీ, కంట్రోల్, ఓ నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. దాన్ని మౌస్‌తో నొక్కితే సరిగా పడి, చేత్తో కొడితే ఒక కీకి రెండు అక్షరాలు పడుతుంటే, లోపల టీయో నీళ్లో దిగాయి. ఎవరూ ముట్టకుండానే తెర మీది షిఫ్ట్ వెలుగుతూ ఉంటే నిజం షిఫ్ట్ ఇరుక్కుపోయింది. ల్యాప్‌టాప్ కీబోర్డు మార్పించేటప్పుడు మోడల్ సంఖ్యతోపాటు ఎంటర్ కీ ఆకారం కూడా చెప్పండి: అడ్డంగా పొడుగ్గా ఉందా, రెండు వరసలు ఎత్తుగా ఉందా. ఎత్తైనది బ్రిటన్ రకం, ఎడమ షిఫ్ట్ పక్కన ఒక కీ ఎక్కువ ఉంటుంది. అది బిగించి ఇస్తే కీల మీద £ అచ్చయి, తెర మీద # పడుతుంది.