గాల్లో కెమెరా ఎప్పుడు?

ప్రశ్న: స్కైడైవింగ్‌లో 60 జంప్‌లు పూర్తిచేశాను. హెల్మెట్‌కు యాక్షన్ కెమెరా పెట్టుకోవచ్చా? ఫొటోలు బాగా రావాలంటే ఏం చేయాలి?

జవాబు: ఇంకొన్నాళ్లు ఆగండి. కెమెరాకు ముందు కనీసం 200 జంప్‌లు ఉండాలన్నది అమెరికా పారాచూట్ అసోసియేషన్ సిఫారసు. కెమెరా చిన్నదే అయినా పారాచూట్ తాడు దానికి చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఒకసారి కిందికి దిగాక కెమెరాను హెల్మెట్‌కు బిగించే నా మౌంట్ మీద తాడు రాసుకుపోయిన గీత కనిపించింది. చేతులు వణికాయి. అప్పటి నుంచి అంచులన్నీ టేపుతో నున్నగా మూసేస్తున్నాను. అవసరమైతే ఒక్క లాగుతో విడిపోయే మౌంటే వాడుతున్నాను.

ఫొటోల సంగతంటారా, షట్టర్ 1/1000 సెకను, వీలైతే ఇంకా వేగంగా పెట్టండి. విమానం తలుపు దాటిన తొలి క్షణంలో తోటివాళ్ల కళ్లను ఫొటోలో పట్టుకోండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటోలు అవే.